వెయ్యిలో ఒకసారి

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిదిలో, నర్సంపేట నుంచి వరంగల్ వచ్చే బస్సులో కూర్చుని మార్కులు వేస్తున్నాను. ఒక దవాఖానలోని మూడు కంప్యూటర్లను కలపాలి. అందుకు రెండు నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్లలో ఏది మేలో తేల్చే పని నాకిచ్చారు. వేగం, ధర, వైరు పొడవు అన్నీ కలిపితే మొదటిదానికి ఎనభై ఏడు, రెండోదానికి డెబ్బై ఒకటి వచ్చాయి.

"పరీక్ష పేపర్లు దిద్దుతాండ్రా, సారూ?" అన్నాడు పక్క సీటాయన.

నవ్వి, సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు.

"ఒక్క రోగి రికార్డు ఇద్దరు ఒకటేసారి తెరిస్తె?"

"మొదటిదాంట్ల ఆఖర్ల ఎవరు సేవ్ చేస్తె వాళ్లదే ఉంటది. రెండోది ఒకరి పని అయ్యేదాకా ఇంకొకర్ని ఆపుతది. అందుకే జర నిదానం. అయినా అట్లయ్యేది వెయ్యిట్ల ఒక్కసారి. దానికి అయిదు మార్కులే పెట్టిన."

"నేను పట్నంల ఒక పెద్ద దవాఖానల కంప్యూటర్ల గసొంటి రికార్డులే రాసేటోన్ని. ఒక పిల్లకు ఫలానా సూది పడదని రాసిన. అదే టైముల అవుతల గదిల ఇంకొకాయన బెడ్ నంబరు మార్చిండు. ఆయనది ఆఖర్ల సేవ్ అయింది. నేను రాసింది పోయింది."

"పిల్ల బతికిందా?"

ఆయన నా కాగితం మీది అయిదు అంకెపై వేలు పెట్టాడు.

"వెయ్యిట్ల ఒక్కసారే, సారూ."

తర్వాతి స్టేజీలో దిగిపోయాడు.

అయిదును కొట్టేశాను. దాని బదులు ఎంత వేయాలో వరంగల్ వచ్చినా తేలలేదు. దవాఖానకు రెండోదే మేలని రాసిచ్చాను. మొత్తం మార్కుల గడిని ఖాళీగా వదిలేశాను.