మహాప్రసాద్‌కు మైల లేదన్నారు

పోయిన నెల మా ఊరు తర్లగూడకు బండివాడు కబురు తెచ్చాడు: భోపాలపట్నంలో మా చిన్నమామయ్య జ్వరంతో పోయాడు. నేను వెళ్లేసరికి శవం వాకిట్లో ఉంది. మామయ్య మనిషి మాత్రం వీధిలో నిలబడి ఉన్నాడు.

‘మామయ్య మనిషి’ అని తెలిసే రాస్తున్నాను. మావాళ్లెవరూ ఆ మాట అనరు.

మామయ్యది ఉప్పుకొట్టు, ఆ మనిషిది సేద్యం, హల్బా కులం. జగదల్‌పూర్ రథయాత్రలో జగన్నాథుడి ప్రసాదం ఒకరికొకరు తినిపించుకుని ఇద్దరూ మహాప్రసాద్‌లయ్యారు. మా బస్తరు సంస్థానంలో అది తోబుట్టువుల బంధంతో సమానం. ఇక పేరు పెట్టి పిలుచుకోకూడదు. ఒకరు పోతే రెండోవారు మైల పట్టాలి. నేను మహాప్రసాద్ మామా అనేదాన్ని. ఆయన పొలం నుంచి వచ్చేదాకా మామయ్య అన్నం ముట్టేవాడు కాదు. “ఏంది మహాప్రసాద్, ఎడ్లకు కథలు చెప్తున్నవా ఇంతసేపు?” అని కసురుకుంటూనే మునక్కాయ ముక్కలన్నీ ఏరి ఆయన ఆకులో వేసేవాడు.

స్నేహమనుకున్నన్నాళ్లూ ఊరు మెచ్చుకుంది. మా అమ్మ పెళ్లి సంబంధం తెచ్చిన రోజున మామయ్య తల అడ్డంగా ఊపాడు. “ఆ పిల్ల గొంతు కొయ్యలేనక్కా. నా కాపురం నాకున్నది.” ఆ మాట గడప దాటింది. కులపెద్దలు వెలివేశారు. పెళ్లిళ్లకు పిలుపు లేదు, బంతిలో చోటు లేదు. బాధగా లేదా అని ఒకసారి అడిగాను. “ఉన్నది బిడ్డా. పండుగనాడు ఎక్కువుంటది,” అని మళ్లీ ఉప్పు కొలవడంలో పడ్డాడు.

బతికుండగా పనికిరాని మనిషి చచ్చాక కులానికి కావలసినవాడయ్యాడు. పాడె మోస్తాం, ఆ మనిషి మాత్రం ముట్టుకోకూడదన్నారు పెద్దలు.

“ఒక్క భుజం పట్టనియ్యండ్రి,” అని చేతులు జోడించాడు మహాప్రసాద్ మామ. “నా మహాప్రసాద్ గదా.”

“మీదేం బంధమో ఊరందరికీ ఎరుకే. నీకు మైల లేదు, పో.”

నేను అరిచాను. ఆడపిల్ల అరుపు ఎవరిక్కావాలి? ఆ పూట నాకు మనుషుల మీదే ఆశ పోయింది.

పదో రోజు ఇంద్రావతి ఒడ్డున మా మగవాళ్లు గుండ్లు చేయించుకుంటుంటే మహాప్రసాద్ మామ వచ్చి వరస చివర కూర్చున్నాడు. మంగలి పెద్దల వైపు చూశాడు, కత్తి పొదిలో పెట్టేసి లేచాడు. మహాప్రసాద్ మామ మొలలోని కొడవలి తీసుకుని నీళ్లలోకి దిగి, తన జుట్టు తానే కోసుకోసాగాడు. చెవి పక్కనుంచి నెత్తురు కారుతోంది. మావాళ్లు అటు తిరిగి పంచెలు పిండుకుంటున్నారు. మా అమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. నీళ్లలో ఆయన చెయ్యి, అందని వెనక జుట్టు కోసం తడుముకుంటూనే ఉంది.