కొబ్బరిచెట్లు మునగని సముద్రం

పలాసవాడినని తెలిసిన ప్రతి మనిషీ నన్ను జీడిపప్పు అడుగుతాడు. అదీ ఫ్యాక్టరీ రేటుకి. హైదరాబాద్‌లో పెళ్ళికి వెళ్తే, ఎలా ఉన్నావని అడగడానికి ముందే నా సంచీ వైపు చూస్తారు. మా వంశంలో ఎవరికీ జీడి ఫ్యాక్టరీ లేదు. నేను రోజూ చేతపట్టే సరుకు తుపాకులు, అవీ స్క్రీన్ మీదే.

నేను గేమ్ టెస్టర్‌ని. ఒక కంపెనీ తయారుచేసే వీడియో గేముల్ని విడుదలకు ముందే ఇంట్లో కూర్చుని ఆడి, ఎక్కడ ఏం బాగుందో, ఏం చెడిందో రాసి పంపడం నా ఉద్యోగం. ఆటలాడితే జీతమిస్తారంటే మా నాన్న ఇప్పటికీ నమ్మడు. జీతాన్ని మాత్రం నమ్ముతాడు.

రెండేళ్ళ కిందట, చేపల వేట నిషేధం ముగిసి ఉద్దానం తీరంలో బోట్లు మళ్ళీ నీళ్ళలోకి దిగే రోజుల్లో, నా దగ్గరికి ఒక సైన్స్ ఫిక్షన్ ఫస్ట్ పర్సన్ షూటర్ వచ్చింది. అంటే స్క్రీన్ మీద రెండు చేతులు, ఒక తుపాకీ కనబడతాయి. వాటి వెనకున్న మనిషి మనమే. పరాయి గ్రహాల మీద దిగి, ఎదురుపడ్డవాళ్ళని కాల్చుకుంటూ పోవాలి. తుపాకుల పనితనం అద్భుతం. ప్రతిదానికీ తనదైన బరువు, పేల్చితే వెనక్కి తన్నడంలో తనదైన తీరు. శత్రువులకీ తెలివుంది. స్తంభాల చాటున నక్కి వెనకనుంచి వచ్చేవారు. ఇక కథంటారా, దాన్ని రాసినవాళ్ళు ఎక్కువ రోజులు సెలవులో ఉన్నట్టున్నారు. హీరో గేము మొత్తం మీద మూడు మాటలు మాట్లాడతాడు. అందులో రెండు తిట్లు.

విడుదలకు ముందు ప్లేటెస్ట్ అని ఒకటుంటుంది. ఆటని నడిపే కంట్రోలర్ ఎన్నడూ పట్టని మనిషితో ఆడించి, అతనేం చేశాడో, ఏమన్నాడో రాసుకోవాలి. మనం సాయం చెయ్యకూడదు. ఈ పనిలో కొన్నేళ్ళుంటే ఒక అలవాటు పట్టుకుంటుంది. ఎవరేం చెప్పినా చెయ్యి దానంతటది రాసేస్తుంది, రాసేస్తే పని జరిగిపోయినట్టే ఉంటుంది.

నాకు దొరికిన మనిషి ఎర్రయ్య. మా ఇంటి కింద, నా బండి నిలబెట్టే చోటు పక్క గదిలో అద్దెకుండేవాడు. వజ్రపుకొత్తూరు వైపు తీరంలో ముప్పై ఏళ్ళు వేట చేశాడు. కిడ్నీలు పాడయ్యాక, వారానికి మూడుసార్లు డయాలసిస్ కోసం ఊరొదిలి పలాస వచ్చాడు. భార్య పగలంతా జీడిపప్పు పనికి వెళ్ళేది. డాక్టర్లు వేట మానమన్నారు, నీళ్ళు కొలిచి తాగమన్నారు. బస్సుల్లో వేలాడే ఓపిక లేక ఏడాదిగా సముద్రాన్ని చూడలేదు.

నేను పెట్టిన లెవెల్‌లో గ్రహమంతా నీళ్ళే. హీరో ఒడ్డున దిగి, చిన్న పడవెక్కి, ఎదురుగా కనబడే బురుజు చేరి యుద్ధం చెయ్యాలి.

"అక్కడెవులున్నారు బాబూ?"

"శత్రువులు మావా."

"నన్నేటి సేసారు ఆళ్ళు?"

"ఇంకా ఏం చెయ్యలేదు."

"మరి ఆళ్ళ జోలి నాకెందుకు?"

మా కథా విభాగం ఇంతవరకూ జవాబు వెతుక్కోని ప్రశ్న అది. ఎర్రయ్య పడవని బురుజుకి వీపు పెట్టి తిప్పాడు. నేరుగా సముద్రంలోకి పోనిచ్చాడు. కాసేపటికి స్క్రీన్ ఎర్రబడింది, పది నుంచి వెనక్కి అంకెలు పడ్డాయి, హీరో చచ్చిపోయాడు. దీన్ని అవుట్ ఆఫ్ బౌండ్స్ అంటారు. ఆటకి గీసిన హద్దు దాటితే ఆటే మనల్ని చంపేస్తుంది.

"ఎల్లనివ్వడేటి?"

"హద్దు మావా. అవతలికి పోకూడదు."

"ఇక్కడ కూడానా," అన్నాడు ఎర్రయ్య. అని, మళ్ళీ పడవెక్కాడు. ఆ పూట అదే దారిలో పదకొండుసార్లు చచ్చాడు. ఆటగాడికి లక్ష్యం అర్థం కాలేదు అని రాసుకున్నాను.

డయాలసిస్ లేని రోజుల్లో మధ్యాహ్నం భోజనమయ్యాక మెట్లెక్కి వచ్చేవాడు, మధ్యలో రెండుచోట్ల కూర్చుని. తుపాకీని ఒక్కసారీ పేల్చలేదు. సముద్రంలో తప్పులు మాత్రం వరసగా పట్టాడు.

"ఆ జెండా సూడు, గాలి దచ్చినం నుంచి కొడతంది. అల సూడు, ఉత్తరం నుంచొత్తంది. దేని దారి దానిదేనేటి? ఇదేటి సముద్రం బాబూ, ఇద్దరు ఏరు కాపరాలు సేత్తన్నట్టుంది!"

నిజమే. నెలల తరబడి మేము అంతమందిమి ఆడినా కనిపెట్టని తప్పు. రాసి పంపాను. వారంలో సరిచేశారు. ఒడ్డుకి తగిలిన అల వెనక్కి లాగడం లేదన్నాడు. అదీ పంపాను. మెచ్చుకున్నదీ ఉంది. పడవ అడుగున నీళ్ళ చప్పుడు వినబడగానే కళ్ళు మూసుకుని, "ఇది మాత్రం ఎవుడో ఏటకెళ్ళినోడే తీసాడు," అన్నాడు. తీసినవాడు ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్ళు ఆడించి ఆ చప్పుడు తీశాడని నాకు తెలుసు. చెప్పలేదు.

ఒకరోజు కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని, "ఏటకెల్లకపోయినా పర్నేదు బాబూ. ఒడ్డున కూకున్నా సాలు నాకు," అన్నాడు.

హీరో కూర్చునే సౌకర్యం కావాలని ఆటగాడి కోరిక. ఇలా రాశాను. మా వాళ్ళు దాన్ని తర్వాత చూద్దామనే జాబితాలో వేశారు.

హద్దు తీసెయ్యమని కూడా పంపాను. తప్పు కాదు, కావాలనే అలా చేశామని జవాబొచ్చింది. నాకు పట్టుదల పెరిగింది. టెస్టర్లకి ఇచ్చే బిల్డ్‌లో, అంటే ఇంకా పచ్చిగా ఉన్న ఆటలో, కొన్ని స్విచ్‌లుంటాయి. ఏది నొక్కితే హద్దు పోతుందో వెతకడానికి రెండు ఆదివారాలు పట్టింది. దొరికిన రోజున ఎర్రయ్యని నేనే కిందికెళ్ళి చెయ్యిపట్టుకుని తీసుకొచ్చాను.

"ఇవాళ ఎంత దూరమైనా పో మావా. ఎవడూ ఆపడు."

ఎర్రయ్య నిటారుగా కూర్చున్నాడు. పడవ బయల్దేరింది. ఎర్రరంగు రాలేదు, అంకెలు రాలేదు. అతని భుజాలు అలకి తగ్గట్టు కొద్దిగా ఊగుతున్నాయి. మాటిమాటికీ హీరో తల వెనక్కి తిప్పి ఒడ్డు చూస్తున్నాడు.

"ఏం మావా, వెనక్కే చూస్తున్నావు?"

"మునగట్లేదు బాబూ."

"ఏవిటి మునగడం?"

"మా కాడ పోగా పోగా ముందు ఇసక మునిగిపోద్ది. తరవాత ఇళ్ళు. ఆకరికి కొబ్బరిసెట్ల తలకాయలు. అయ్యి కూడా మునిగిపోతే గాని సముద్రంలోకి ఎల్లినట్టుండదు. ఇక్కడ ఒడ్డు మసకేత్తంది గాని మునగట్లేదు."

ఆ గ్రహం బల్లపరుపుగా ఉంది. అంతమంది ఇంజనీర్లు పనిచేసిన గ్రహం గుండ్రంగా లేదని నాకూ అప్పుడే తెలిసింది. ఇంకొంచెం పోయేసరికి నీళ్ళు అయిపోయాయి. కత్తితో కోసినట్టు ఒక గీత, దానవతల బూడిదరంగు. పడవ ఆ అంచు దాటి కిందికి పడింది. అలా పడుతూనే ఉంది.

ఎర్రయ్య కంట్రోలర్ని బల్ల మీద నెమ్మదిగా పెట్టాడు. నేను కీబోర్డ్ దగ్గరికి జరిగాను.

"ఏటి రాత్తన్నావు?"

"నువ్వు చెప్పిందే మావా. ఒడ్డు మునగట్లేదని, సముద్రం చాలట్లేదని."

ఎర్రయ్య నా వేళ్ళ వైపు చూశాడు.

"ఇన్నాళ్ళూ సెప్పిందల్లా రాసుకున్నావు. నీకు బండుంది కదా బాబూ. సముద్రం ఇక్కడికి గంట కూడా నేదు. ఒక్కనాడైనా ఎక్కమన్నావేటి?"