ఫోన్లో లా చదవొచ్చా అని అడిగిన నాగవేణి

2021. కరోనా రెండో విడత తగ్గి, ఆదోని కోర్టు వరండాలు మళ్ళీ మనుషులతో నిండుతున్న రోజులు. అప్పటికి నేను వకీలుగా ఇరవై ఆరేళ్ళు పూర్తి చేశాను. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా సివిల్ కేసులే. పొలం గట్లు, ఇంటి గోడలు, అన్నదమ్ముల పంపకాలు.

ఒక మధ్యాహ్నం ఎమ్మిగనూరు నుంచి నాగవేణి వచ్చింది. ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి. ఆమె, భర్త హనుమంతు ఇద్దరూ మగ్గం నేస్తారు. అంతకు రెండేళ్ళ ముందు పక్కింటివాళ్ళతో గోడ తగాదా వస్తే వాళ్ళ కేసు నేనే నడిపాను. నేను రాయించిన దావా కాగితంలో ఇంటి పొడవూ వెడల్పూ తారుమారయ్యాయి. నా గుమాస్తా చూడలేదు, నేనూ చూడలేదు. సంతకం పెట్టే ముందు ఆమె ప్రతి లైనూ చదివి, "సార్, ఇట్ల రాస్తే మా ఇల్లు సగం వీధిలోకి వస్తాది" అంది. అప్పటి నుంచి ఆమె ఏదైనా అడిగితే నేను జాగ్రత్తగా వినేవాణ్ణి.

ఆరోజు ఆమె కేసు కోసం రాలేదు. ఫోన్ తీసి ఒక ప్రకటన చూపించింది. ఇంటి నుంచే లా డిగ్రీ, శని ఆదివారాల్లో క్లాసులు, పరీక్షలు కూడా ఆన్‌లైన్‌లోనే.

"దీంట్లో చేరితే నల్లకోటు ఏసుకోవచ్చునా సార్? మా వీధిలో అందరికీ అర్జీలు నేనే రాసిస్తాను. ఆఫీసుల దాకా నా కాగితం పనిచేస్తాది. కోర్టు దాకా పోతే మాత్రం ఆడ నా మాట చెల్లదు."

నాకు తెలిసింది చెప్పాను. చట్టం తెలుసుకోవడానికి, ఆఫీసు ఉద్యోగంలో ఉపయోగానికి అయితే అలాంటి చదువు మంచిదే. కోర్టులో వాదించాలంటే మాత్రం రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్‌మెంట్ కావాలి, అంటే వకీలుగా పేరు నమోదు కావాలి. ఆన్‌లైన్‌లో, దూరవిద్యలో చేసిన లా డిగ్రీని అక్కడ ఒప్పుకోరు. గుర్తింపు ఉన్న కాలేజీకి వెళ్ళి, క్లాసులో కూర్చుని, తగినంత హాజరుతో చదివిన డిగ్రీ ఉండాలి.

ఆమె గొంతు తగ్గింది. "నా బి.ఏ. కూడా దూరవిద్యదే కదా సార్. అదీ పనికిరాదా?"

సంచిలోంచి సర్టిఫికెట్ల కవరు తీసి బల్ల మీద పెట్టింది. ఒక్కొక్కటే చూశాను. ఇంటర్ లేకుండా నేరుగా ఓపెన్ డిగ్రీ చేసినవాళ్ళకు ఇక్కడే దారి మూసుకుపోతుంది. ఆమె పదో తరగతితో చదువు ఆపి, పెళ్ళయ్యాక ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టి, ఆ తర్వాత బి.ఏ. చేసింది. వరుస ఎక్కడా తప్పలేదు.

"పనికొస్తుందమ్మా. బి.ఏ. దూరవిద్యదైనా ఇబ్బంది లేదు. లా మాత్రం కాలేజీకి పోయి చదవాల్సిందే. ప్రవేశ పరీక్ష రాయాలి. కర్నూలుకు రోజూ పోయి రావాలి. మూడేండ్లు."

"ఇంట్లో అడిగి సెప్తాను సార్" అని లేచింది. ఇక రాదనుకున్నాను.

నెలలు గడిచాక ఫోన్ చేసింది. పరీక్ష రాసింది, కర్నూలు కాలేజీలో సీటు వచ్చింది. అయితే ఎవరో ఇంకో దారి చూపించారట.

"సార్, దూరంగా ఇంకో కాలేజీ ఉందంట. పరీక్షలకు వస్తే సాలు, హాజరు మేమే ఏసుకుంటాము అంటాండారు. అట్లయితే మగ్గం ఆగదు. మీరేమంటారు?"

ఇక్కడ నా గురించి ఒక నిజం చెప్పాలి. నేను లా చదివిన మూడేళ్ళలో కాలేజీకి వెళ్ళిన రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఒక షాపులో లెక్కలు రాస్తూ, గైడ్లు చదివి పరీక్షలు గట్టెక్కినవాణ్ణి. అందుకే గట్టిగా వద్దనలేకపోయాను. "చానామంది అట్లే చేస్తారమ్మా" అన్నాను.

"చేస్తారేమో సార్. కానీ మొదలే అబద్ధం హాజరుతో వచ్చి, రేపు బోనులో ఉండే మనిషిని నిజం సెప్పమని నేనెట్ల అడిగేది?"

ఆమె కర్నూలులోనే చేరింది.

ఆ మూడేళ్ళూ ఆమె ఎలా గడిపిందో హనుమంతు చెబితే తెలిసింది. ఒకసారి ఏదో కాగితం కోసం ఆదోని వచ్చి, నా ముందు కూర్చుని చెప్పాడు. "పొద్దున్నే లేసి నాకు కావలసిన నూలు కండెలన్నీ చుట్టి పెట్టి, మొదటి బస్సుకు పోతాది సార్. బస్సులో సదువుకుంటాది. సాయంత్రం వచ్చినాక మళ్ళా మగ్గం కాడ కూచుంటాది. రెండు చీరలు దిగే కాడ ఒకటే దిగుతాంది. జరం వచ్చినా మానలేదు. నేను వద్దన్నా ఇనలేదు." ఆ చివరి మాట ఫిర్యాదులా మొదలై, చెప్పేసరికి అతని ముఖంలో గర్వంగా మారింది.

డిగ్రీ పూర్తయింది. ఎన్‌రోల్‌మెంట్ అయింది. దేశమంతటికీ ఒకటే పెట్టే బార్ పరీక్ష కూడా పాసయింది. ఎమ్మిగనూరు కోర్టులో ఆమె వకాల్తాలు వేస్తోందని విన్నాను. నలభై మూడేళ్ళ జూనియర్‌కు ఎవరు కేసులిస్తారులే అనుకున్నాను.

తర్వాత ఒక కేసులో ఆమే నాకు ఎదురుపడింది. నా క్లయింటు సోమశేఖర్ అనే వ్యాపారి. మేనత్త ఈరమ్మ ఉంటున్న గది తన స్వాధీనంలోనే ఉందని, ఆరేళ్ళుగా రోజూ అక్కడ తానే మగ్గం నేస్తున్నానని అతని వాదన. ఆమె తన దారికి అడ్డు రాకుండా ఇంజంక్షన్, అంటే కోర్టు నిషేధపు ఉత్తర్వు కావాలి. ఓడితే డెబ్బై దాటిన ఈరమ్మకు తల దాచుకునే చోటు లేదు. ఆమె తరఫున నాగవేణి లేచింది.

కోర్టు పంపిన అడ్వకేట్ కమిషనర్, అంటే స్థలం చూసి రిపోర్టు ఇచ్చే వకీలు, గది పటం గీసి ఇచ్చాడు. దాన్ని నేను పదిసార్లు చదివాను.

నాగవేణి బోనులో ఉన్న సోమశేఖర్‌ను నెమ్మదిగా అడిగింది. "మగ్గం మీద కూర్చుంటే మీ ముఖం ఎటు ఉంటుంది?"

"తూర్పుకు."

"రోజూ అట్లనేనా?"

"ఆరేండ్లుగా అట్లనే."

ఆమె పటం అతని చేతికిచ్చింది. "ఇందులో నేసే మనిషి కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంటకూ తూర్పు గోడకూ నడుమ ఎంత ఉందో చదవండి."

"రెండడుగులు."

"నేసే మనిషికి ఎదురుగా పడుగు, అంటే నిలువు దారాలు, బారుగా పరుచుకోవాలి. తూర్పుకు తిరిగి కూర్చుంటే ఆ రెండడుగుల్లో పడుగు ఎట్లా పట్టింది?"

సోమశేఖర్ నావైపు చూశాడు. నేను పటం వైపు చూశాను. ఆ గదిలో నేసే మనిషి గోడకు వీపు పెట్టి పడమరకు తిరిగి కూర్చోవాల్సిందే. నా క్లయింటు ఆ మగ్గం మీద ఒక్కరోజు కూడా కూర్చోలేదు. జడ్జిగారు కలం ఆపి, "జవాబు చెప్పండి" అన్నారు. అతను పటాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఓడిపోతున్నది నేనే అయినా, ఆ క్షణంలో నాకు బాధ లేదు.

బయట వేపచెట్టు కింద ఆమే వచ్చి పలకరించింది. "తప్పుగా అనుకోవద్దు సార్."

"మగ్గం సంగతి నీకు తెలుసు, సరే. అట్లా ఒక్కొక్క అడుగూ వేసి అడగడం యాడ నేర్చుకుంటివమ్మా?"

"కాలేజీలో సార్. మూట్ కోర్టు అని ఉత్తుత్తి కోర్టు పెట్టి వాదించమంటారు. మొదటిసారి నిలబడితే కాళ్ళు వణికినాయి, గొంతు పెగల్లేదు. పిల్లకాయలందరూ నవ్వినారు. మళ్ళా నిలబడినాను. పన్నెండుసార్లు నిలబడినాక వణుకు పోయింది. ఇంట్లో ఫోన్ ముందర కూచుని సదివింటే ఆ వణుకు ఈడ, ఈరమ్మ కేసులో వచ్చుండేది."

నాలుగు నెలలకు తీర్పు వచ్చింది. దావా కొట్టేశారు. ఈరమ్మ ఆ గదిలోనే ఉంది.

ఇప్పుడూ నా దగ్గరికి ఫోన్లు పట్టుకుని వచ్చేవాళ్ళున్నారు. ఇంటి నుంచి లా చేయొచ్చా అని అడుగుతారు. రూలు ఏమిటో చెబుతాను. ఒకప్పుడు దాన్ని నేను ఒక అడ్డుగోడలాగే చెప్పేవాణ్ణి. పనిచేసుకుని బతికేవాళ్ళకు అది నిజంగా కష్టమే, అది తెలిసే చెబుతాను. అయితే తరగతి గది మనిషికి ఏం చేయగలదో, అది తప్పించుకుని పాతికేళ్ళు వాదించిన నాకు, నలభై ఏళ్ళ వయసులో అందులో కూర్చున్న ఒక నేతమనిషి చూపించింది. ఎమ్మిగనూరులో ఆమె క్రాస్ ఎగ్జామినేషన్ ఉందని తెలిస్తే, నాకు కేసు లేకపోయినా బస్సెక్కుతాను. వెనక బెంచీలో కూర్చుని వింటాను. ఈ వయసులో నేర్చుకోవడానికి సిగ్గుపడటం మానేశాను.