అంగీ మీద అవ్వ బొమ్మ

సిరిసిల్లల రాజనర్సుకు నాలుగు సాంచలు, కరెంటు మీద నడిచే మగ్గాలు. వాడంతా పాలిస్టర్‌కు మళ్లినా ఆయన మాత్రం నూలు బట్ట నేసుడు ఇడువలే. ఆయన బిడ్డ నీల బొమ్మలు గీస్తది. తండ్రి నేసిన బట్టను కోరుట్లకు తీస్కపోతే జులేఖాబీ, ఇంకో ముగ్గురు ఆడోళ్లు కూసోని అంగీలు కుడుతరు. వాటి మీద నీల బొమ్మలు అచ్చేస్తది. బీడీలు చుట్టే వేళ్లు, కరెంటు కోసం ఎదురుసూసే నేతగాడు, నూలు కండెలు చుట్టే తన కన్నతల్లి, అవ్వ రాజలక్ష్మి. మెడ లోపల 'కండె' అని చిన్న పట్టీ. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం ఊపందుకున్నంక ఏ ధర్నా టెంటుల సూసినా ఆ అంగీలు కనబడేటివి.

సకల జనుల సమ్మెకు ముందు, జగిత్యాల ఉద్యమ కమిటీని నడిపే ఆనందం ఇంటికొచ్చి అవ్వ బొమ్మ కావాలన్నడు. అందరికీ ఒక్క తీరు అంగీలు తొడిగిస్తమని, నేసేది, కుట్టేది మీరేనని మాటిచ్చిండు. నీల మారు మాట్లాడకుండ బొమ్మ గీసిన అసలు కాయితమే చేతుల పెట్టింది. రాజనర్సు నాలుగు సాంచలూ ఆ బట్టకే నడిపిండు.

సమ్మె మొదలై బస్సులు బందయినయి. పది రోజులకు జులేఖాబీ ఫోన్ చేసి జల్ది రమ్మన్నది. నీల బండి మీద కోరుట్లకు పోయింది. జులేఖాబీ బజార్ల పంచుతుంటే తెచ్చిన అంగీ ఒకటి నీల ఒళ్లో పెట్టింది. చేతుల నిలువకుండ జారే పాలిస్టర్. దాని మీద రాజలక్ష్మి కండెలు చుడుతున్నది. ఆమె కాళ్ల కింద ఒక లీడరు పేరు. మెడ లోపల సూరత్ కంపెనీ పట్టీ.

నీలకు చెవులల్ల నుంచి సెగలొచ్చినయి. మూడు నెలల కింద పని లేక వాళ్ల వాడల సారయ్య పానం తీసుకుంటే, గీ ఆనందమే పాడెకు భుజం పట్టిండు. మన నేతగాళ్లను మనమే కాపాడుకోవాలని అందరి ముందట ఏడ్చిండు.

"పా ఖాలా, జగిత్యాలకు పోదాం," అన్నది. జులేఖాబీ బురఖా ఏసుకొని బండి ఎనుక కూసున్నది.

టెంటుల నూరు మంది దాక ఉన్నరు. అందరి రొమ్ముల మీద రాజలక్ష్మే. నీల సీదా మైకు కాడికి పోయి, ఈ బట్ట ఏడ నేసిండ్రని అడిగింది. ఆనందం నవ్వి, తర్వాత మాట్లాడుదామన్నడు. ఆమె కదలకపోయేసరికి ఆయన నవ్వు పోయింది.

"రాష్ట్రం కోసం కొట్లాడుతున్నం చెల్లె. బట్ట ఏడిదైతేంది?"

"గీ బొమ్మల ఉన్నది మా అవ్వ. నీ మాట నమ్మి నేసిన తాన్లు మా ఇంట్ల గోడకు పడున్నయి. నీళ్లు పోయినయి, కొలువులు పోయినయి అని పొద్దుందాక మైకుల ఒర్రుతవు గదన్నా. మా నేతను ఎవలు తీస్కపోయిండ్రు? నువ్వు గాదా?"

గప్పుడే జులేఖాబీ జనాల నడుమ తిరుగుకుంట, ముందటోళ్ల మెడ పట్టీ సదువుమని ఎనుకోళ్లకు చెప్పవట్టింది. ఒకల మెడ ఒకలు తిప్పి సూసుకున్నరు. ముందుగాల లక్ష్మవ్వ అనే బీడీల కార్మికురాలు, చీర మీద తొడుక్కున్న అంగీని ఇప్పి కింద పడేసింది. ఆమె ఎనుక ఇంకో ఇరవై మంది. పోరగాండ్లు కొందరు నవ్విండ్రు, చానమంది ఇప్పలే. ఉద్యమాన్ని చీలుస్తున్నదని ఆనందం మైకు బంద్ చేపిచ్చిండు. ఇద్దరు మనుషులు నీల రెక్క పట్టి బయటికి గుంజుకొచ్చిండ్రు. రెక్క వారం దాక కమిలి ఉండె.

ఆ తర్వాత ఏ టెంటులకూ 'కండె' అంగీలను రానియ్యద్దని కమిటీ చెప్పింది. రెండు ఊరేగింపుల కాడ నీలను ఆపిండ్రు. ఆమె రోడ్డుకు అవతలి పక్క నడిచింది గని ఇంటికి పోలే. లక్ష్మవ్వ తన తోటి బీడీలోళ్లను తీసుకొని కోరుట్లకొచ్చి, మాకు నూలు అంగీలే కుట్టియ్యమన్నది. గోడకున్న తాన్లు ఒక్కొక్కటే కత్తెర కిందికి వచ్చినయి. గప్పటి నుంచి పట్టీ మీద నేసినోళ్ల పేరు, కుట్టినోళ్ల పేరు పడుతున్నది.

రాష్ట్రం వచ్చిన నాడు నీల కూడ సంబురపడ్డది, రంగు సల్లుకున్నది. కోపం మాత్రం సల్లారలే. ఆనందం ఎక్కడన్న ఎదురుపడితే మొఖం తిప్పుకుంటడు. ఆమె తిప్పుకోదు. ఆయన సందు మలిగే దాక సూస్తనే నిలబడ్తది.