గంట ఆగేదాకా

పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చిన ఏడు నేను విడవలూరుకు తూర్పున, సముద్రం ఒడ్డు పల్లెలో బడిపంతులుగా ఉన్నాను. ఊరంతా క్రైస్తవులు. నేను మాత్రం ఏ దేవుడూ లేడని సభల్లో బల్లగుద్ది చెప్పేవాణ్ణి. ప్రశ్నించకుండా దేన్నీ ఒప్పుకోవద్దని పిల్లలకూ నేర్పేవాణ్ణి.

విమానాలు వస్తే ఏం చేయాలో నేర్పమని తాఖీదు వచ్చింది. బడి వెనక ఇసుకలో కందకం తవ్వించాను. సైరన్ లేదు. ప్రమాదం తప్పిందనడానికి చర్చి గంట కొట్టిస్తాననీ, అది ఆగేదాకా ఎవరూ తల ఎత్తకూడదనీ చెప్పాను. అంతకుముందు ప్రపంచ యుద్ధంలో ఇళ్లలో ఎలా బతికారో పెద్దల్ని అడిగి రమ్మన్నాను. ఐదో తరగతి పిల్ల ఒకతె తన అవ్వ మాట తెచ్చింది. అప్పట్లో నేలకు చెవి ఆనించి విమానాల రొద వినేవాళ్లట. శాస్త్రీయంగా ఉందని మెచ్చుకుని, అందర్నీ అలాగే చేయమన్నాను.

డ్రిల్లు నాడు ఆ పిల్లే నా ముందుకొచ్చింది.

"మా అవ్వకు ఊపిరాడ్డంలేదు సార్. ఇంటికి పోతాను."

"యుద్ధంలో సెలవులుండవు. దిగు."

వెనకనుంచి ఒకడు, "ఏమ్మే, విమానమొచ్చి మీ అవ్వను ఎక్కించుకుని పోతాదా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మిట్టమధ్యాహ్నం. గాలి పడిపోయింది. నలభై వీపులు కందకంలో కదలకుండా ఉన్నాయి. గోడల నుంచి ఇసుక సన్నగా జారుతోంది.

"అవ్వ పిలస్తా ఉండాది సార్," అంది ఆ పిల్ల, నేలకు చెవి ఆనించి.

"అది సముద్రం రొద. నేలకు నోరుండదు."

ఇప్పటికీ అది సముద్రమేనని ఎవరితోనైనా వాదిస్తాను.

అప్పుడు గంట మోగింది. కొట్టమని నేనింకా కబురు పంపలేదు. ఒక దెబ్బ. చాలాసేపటికి ఇంకొకటి. పోయినవాళ్లకు ఎన్నేళ్లో అన్ని దెబ్బలు కొట్టడం, వినపడ్డవాళ్లు లేచి నిలబడటం ఆ ఊరి ఆచారం. పిల్లలు ఒక్కొక్కరే లేచారు. ఇందాక వెక్కిరించినవాడూ లేచాడు. ఆ పిల్ల మాత్రం లేవలేదు.

"లేమ్మా, ఇంటికి పో," అన్నాను.

కదల్లేదు. ముఖం ఇసుకలోనే ఉంచి లెక్కపెడుతోంది. ఇరవై. నలభై. ఆ గొంతు భూమి లోపలినుంచి వస్తున్నట్టుంది. ప్రశ్నించమని నేర్పిన నోటితోనే కదా ఆమెను దిగమన్నాను!

అరవై ఎనిమిది దగ్గర గంట ఆగింది. లెక్కా ఆగింది.

"మా అవ్వకు అంతే సార్," అంది. తల ఎత్తకుండానే అడిగింది.

"గంట ఆగింది. ఇంక లేవొచ్చా సార్?"