కాదుగా అన్న కారు

ఫిజీలోని లౌటోకా రేవులో ఓడ దిగిన ఆ తెల్లకారును మా ఊరు బా దాకా నేనే నడుపుకుంటూ వచ్చాను. పక్క సీట్లో ఎవరూ లేకపోయినా దారిపొడవునా గట్టిగా మాట్లాడుతూనే ఉన్నాను. జపాన్‌లో ఎవరో వాడి అమ్మేసిన బండి. కంప్యూటర్‌లో ఫొటోలు చూసి తెప్పించుకున్నాను. నా సొంత వ్యాపారంలో మొదటి సరుకు! చెరుకు లారీల వెనక నత్తనడక నడవాల్సి వచ్చినా ఆ రోజు నాకు విసుగన్నది రాలేదు.

అప్పటికి ఏడేళ్ళుగా ఒక బీమా ఆఫీసులో కూర్చుని, ఊళ్ళోవాళ్ళ కార్ల సొట్టల గురించి కాగితాలు నింపుతున్నాను. అందుకే కార్ల మీద నాకున్నన్ని అభిప్రాయాలు బా ఊరు మొత్తానికీ లేవు. ఎర్రకారు కొనేవాడికి ఓపిక తక్కువని, సీట్లకు ప్లాస్టిక్ కవరు తీయనివాడు బండిని బాగా చూసుకుంటాడని నేను అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేదాన్ని. చెప్పీ చెప్పీ, ఇక ఇతరుల సొట్టలు చాలనుకుని రెండు వారాలు సెలవు పెట్టాను. ఈలోపు కారు అమ్ముడుపోతే రాజీనామా. లేదంటే నోరుమూసుకుని మళ్ళీ అదే కుర్చీ. ఈ మాట నాన్న ఎదుట అన్నాను కాబట్టి వెనక్కి తీసుకునే దారి లేదు. కూరగాయల బజారుకు తోలే పాత వ్యాను తప్ప మరో బండి ఎరగని మనిషి ఆయన. “నెలజీతం వదులుకుని ఎవరో వాడేసిన బండ్లు అమ్ముతావా?” అని ఒంటికాలి మీద లేచాడు.

మా ఇంట్లో ఏ బండి వచ్చినా అవ్వ హారతి ఇచ్చి కొబ్బరికాయ కొట్టాలి. అది కాకుండా బండి మళ్ళీ గేటు దాటకూడదు. అవ్వ నాన్నకు తల్లి. ఎనభై దాటిన మనిషి. ఇంట్లో తెలుగు మిగిలింది ఆమె ఒక్కదాని నోట్లోనే. ఫిజీలోని భారతీయులందరిలాగే మేమంతా హిందీలోనే బతికేవాళ్ళం. నాకొచ్చిన తెలుగు చారెడు. ఆమె పళ్ళెంలో కర్పూరం వెలిగించగానే నేను హుషారుగా తాళం తిప్పాను. డ్యాష్‌బోర్డు కింద నుంచి ఒక ఆడగొంతు తియ్యగా పలికింది:

“కాదోగా సోన్యూ సారెతె ఇమాసెన్.”

అవ్వ చెయ్యి ఆగిపోయింది.

“ఏమన్నాది అది?”

“జపాన్ భాష అవ్వా. నమస్తే చెప్తోంది,” అన్నాను. రేవులో కూడా విన్నాను. ఏదో మర్యాద అనుకుని తిరిగి నమస్కారం కూడా పెట్టాను.

“నమస్తే నై. కాదుగా అన్నాది. మల్లీ తిప్పు.”

తిప్పాను. మళ్ళీ అదే గొంతు, అదే మాట. ఈసారి నాకూ అలాగే వినిపించింది. అవ్వ కర్పూరం ఆర్పేసింది.

“గాడీయే కాదుగా అంటే నేనెట్లా హా అంటాను, అమ్మీ?” అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత తొమ్మిది రోజులు బతిమాలాను, అలిగాను, ఆమెకిష్టమైన గులాబ్‌జామ్ కూడా తెచ్చాను. అవ్వ గులాబ్‌జామ్ తింది గానీ కొబ్బరికాయ ముట్టలేదు. నేను పగలంతా ఊరు తిరిగి దుకాణాల గోడల మీద కారు ఫొటోలు అంటించేదాన్ని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అవ్వ వసారాలో కూర్చుని కారు వంకే చూస్తుండేది. కాపలా కాస్తోందనుకున్నాను.

సెలవులో చివరి శనివారం వటుకౌలా నుంచి ఒకాయన వచ్చాడు. బంగారు గనిలో పాతికేళ్ళు పనిచేసి మానేసిన ఫిజీ మూలవాసి. టాక్సీ నడపాలని ఆయన ఆశ. మా హిందీ మాకన్నా శుభ్రంగా మాట్లాడతాడు. బానెట్ ఎత్తి చూశాడు, కింద పడుకుని చూశాడు, చక్రాలు తట్టాడు. ఆయన “అచ్ఛా” అన్నప్పుడల్లా నా గుండె గంతులేసింది. అంతలో వసారాలో మొహం తిప్పుకుని కూర్చున్న అవ్వ కనిపించింది ఆయనకు.

“ఆజీకి కోపమా?” అన్నాడు.

అబద్ధం చెబుదామనుకున్నాను. ఆ అవకాశం అవ్వే ఇవ్వలేదు. హిందీలో అంతా చెప్పేసింది. ఆయన చేతులు తుడుచుకున్నాడు.

“ఇంట్లో పెద్దావిడ వద్దన్న బండి నేను తీసుకోను, బేటీ. మా ఊళ్ళోనూ అంతే.”

నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ ఆఫీసు కుర్చీ కళ్ళముందు కనిపించింది. సరిగ్గా అప్పుడే సువా నుంచి బస్సు దిగి మా చెల్లెలు వచ్చింది. దానికి అక్కడ ఫోన్లకు జవాబులు చెప్పే ఉద్యోగం. పనిలో హెడ్‌ఫోన్లు, పని అయ్యాక వీడియో ఆటలకు హెడ్‌ఫోన్లు. ఆ చెవులకు ఎండ తగిలేది ఇంటికొచ్చినప్పుడే. “ఆ ఆటలు కూడు పెడతాయా?” అన్నది నాన్న దాన్ని చూసినప్పుడల్లా అనే మాట. ఉక్రోషం పట్టలేక దాని ముందు తాళం తిప్పి చూపించాను. అది పకపకా నవ్వింది.

“అక్కా, కాదో అంటే కార్డు! నేనాడే జపాన్ ఆటలో రోజుకు వందసార్లు అంటారు. కార్డు పెట్టలేదు అని చెప్తోంది, అంతే!”

డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి సబ్బుపెట్టెంత నల్లడబ్బా పట్టుకుంది. జపాన్‌లో పెద్దరోడ్డు ఎక్కితే సుంకం కట్టే కార్డు అందులో పెడతారట.

“మన రోడ్డు మీద సుంకం ఎవరికి కట్టాలి, ఆవులకా?” అని వటుకౌలా ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. చెల్లెలు వైరు పీకింది. తాళం తిప్పాను. ఇంజను శబ్దం తప్ప మాటా పలుకూ లేదు! నేను ఎగిరి గంతేశాను. నాన్న కూడా చప్పట్లు కొట్టి, కొట్టినట్టు గుర్తొచ్చి చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

అవ్వ మాత్రం నవ్వలేదు.

“దాని నోరు మూసేసినారా?” అంది.

“అది కాదు అనలేదు అవ్వా, కార్డు అడిగింది,” అన్నాను.

“తెల్సు. రెండో దినమే తెల్సినాది. దానికి ఆ ఒక్క మాటే వచ్చు.” కాసేపు చీరకొంగు నలిపింది. “మీరంతా బజారు పోతారు గదా. నేను పోయి దాంట్లో కూకుంటా. చాబీ తిప్పుతా. అది కాదుగా అంటాది. నేను అవును అంటా. మల్లీ తిప్పుతా. మీ తాత పోయినాక నాతో తెలుగులో కాదన్నోల్లే లేరు, అమ్మీ.”

నాకు సిగ్గేసింది. తొమ్మిది రోజులు నేను ఆమెను బతిమాలిందీ, అలిగిందీ, అంతా హిందీలోనే.

చెల్లెలు మళ్ళీ తల దూర్చి ఆ డబ్బా ఊడదీసింది. వటుకౌలా ఆయన ఆ డబ్బా నాకెందుకన్నట్టు చెయ్యి ఊపాడు. అరగంటలో చెల్లెలు దాన్ని నాన్న వ్యానులో బిగించింది. నాన్న గొణుక్కుంటూ తాళం తిప్పగానే వ్యాను “కాదోగా” అంది. “అవును!” అని అవ్వ దాని మీద అరిచి, వసారా మెట్లు దిగి, తెల్లకారు ముందు కొబ్బరికాయ ఒక్క దెబ్బకు రెండు చెక్కలు చేసింది.

వటుకౌలా ఆయన కారు కొనుక్కెళ్ళాడు. సోమవారం రాజీనామా ఇచ్చి, గాలిలో తేలుతూ ఇంటికొచ్చాను. అవ్వ టీ కలుపుకుంటూ మూడో చెంచా చక్కెర తీసింది.

“కాదు, అవ్వా. షుగరు,” అన్నాను, నాకొచ్చిన తెలుగులో.

ఆమె చెంచా పట్టుకునే నా వైపు తిరిగింది. “కాదు కాదే మొద్దూ, వద్దు అనాల!” అని మొదలుపెట్టి, టీ చల్లారిపోయేదాకా నాతో తెలుగులో పోట్లాడింది.