హన్మంతు అంటించిన పేర్లు

శనివారం పదకొండు గంటలకు బ్రిస్టల్‌లోని ఎగ్బర్ట్ అంకుల్ ఫ్లాటులో హన్మంతు కుర్చీ అంచున కూర్చుని, ముసలాయన రికార్డు పెట్టెల మూతలు ఎప్పుడు తెరుస్తాడా అని ఎదురుచూస్తున్నాడు. ఇంత మంచి పని చేసి కూడా నోరు విప్పకుండా కూర్చోవడం అతనికి చాలా కష్టంగా ఉంది. ఆ సంబరం ఇంకో పావుగంటలో ఆవిరైపోతుందని పాపం తెలియదు.

ముందు హన్మంతు సంగతి చెప్పాలి. నలభై ఆరేళ్లవాడు. సొంతూరు నిజామాబాద్. కార్డిఫ్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో రక్తం గొట్టాలు తీసుకునే కౌంటర్ దగ్గర పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాడు. అక్కడ ఒకటే సూత్రం. పేరు లేని గొట్టాన్ని పరీక్ష చేయరు, పారేస్తారు. ఆ సూత్రం మనిషికి ఒంటపట్టింది. ఇంట్లో జీలకర్ర డబ్బాకీ, వైఫై పెట్టెకీ, చెప్పుల అరలకీ తెల్లటి లేబుళ్లు అంటించాడు. "నా నెత్తికి గూడ ఒకటి అంటియ్యరాదు, ఏదో ఒకనాడు మర్చిపోతవ్" అని భార్య పుష్పలీల ఆటపట్టిస్తూ ఉంటుంది.

హన్మంతుకు మరో పిచ్చి కూడా ఉంది, అది హిప్‌హాప్. ఇంటర్ చదివే రోజుల్లో క్యాసెట్లు రికార్డు చేసే షాపువాడు ఖాళీ క్యాసెట్ అనుకుని ఒకటి ఇచ్చాడు. అది ఖాళీ కాదు. అమెరికా నల్లవాళ్ల పాటలు రెండువైపులా ఉన్నాయి. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఆ దరువు చెవిలో పడ్డాక మరి బయటికి పోలేదు. ఆ పాటలు ఎక్కడ పుట్టాయో చూడాలని న్యూయార్క్ టికెట్ల ధరలు వెతుకుతుంటే ఒక సంగతి తెలిసింది. అక్కడ వీధి పార్టీల్లో ఆ దరువు మొదలుపెట్టినవాడు జమైకా నుంచి వచ్చినవాడట. పెద్ద పెద్ద స్పీకర్లు మోసుకెళ్లి రికార్డులు వేసే అలవాటు జమైకాదట. అదే అలవాటు ఓడలెక్కి బ్రిటన్‌కీ వచ్చింది. అలా వచ్చినవాళ్లు కార్డిఫ్ నుంచి రైల్లో గంట దూరంలో, బ్రిస్టల్‌లో ఉన్నారు. హన్మంతు న్యూయార్క్ మానేసి శనివారం రైలెక్కాడు.

అక్కడ లైబ్రరీలో జరిగిన ఒక సభలో ఎగ్బర్ట్ అంకుల్ కనిపించాడు. డెబ్బై నాలుగేళ్లు. ఒకప్పుడు బ్రిస్టల్‌లోని సెయింట్ పాల్స్ పేటలో ఆయన సౌండ్, అంటే స్పీకర్లూ రికార్డులతో పాటలు వేసే జట్టు, పేరు చెబితే హడల్. ఇప్పుడు చూపు నీడల వరకే మిగిలింది. పెద్దవాళ్లను అంకుల్ అనడం ఆయన మనుషుల్లోనూ ఉంది, హన్మంతు మనుషుల్లోనూ ఉంది, కాబట్టి పిలుపు దగ్గర ఇబ్బంది రాలేదు. ఇద్దరిదీ ఇంగ్లీషే, రెండు వేర్వేరు యాసలు. నాలుగు నెలలు శనివారం శనివారం వెళ్లి ఆయన పాదాల దగ్గర కూర్చున్నంత పని చేశాడు హన్మంతు.

ఆయన దగ్గర మూడొందల పైచిలుకు రికార్డులున్నాయి. ఒక్కదానికీ మధ్యలో పాట పేరు అచ్చువేసే గుండ్రటి కాగితం లేదు. నలభై అయిదేళ్ల కింద అన్నింటినీ స్నానాల టబ్బులో నానబెట్టి, బొటనవేలితో గీకి పారేశాడు. కారణం పోటీ. రెండు సౌండ్లు ఒకే హాల్లో ఎదురెదురుగా నిలబడి మార్చి మార్చి పాటలు వేస్తాయి. జనం ఎవరి పాటకు గోడలు బాదితే వాళ్లు గెలిచినట్టు. మనం ఒక కొత్త పాటతో హాలును ఊపేస్తే ఎదుటి సౌండ్ మనిషి మెల్లగా వచ్చి, తిరిగే రికార్డు మీదకి వంగి పేరు చదువుకుపోతాడు. వారం తిరిగేసరికి ఆ పాట వాడి దగ్గర ఉంటుంది. అందుకే పేరు లేకుండా చేయడం. కడుపులో దాచుకోవడం అంటే ఇదే.

ఆ వారం ఎగ్బర్ట్ అంకుల్ చెల్లెలిని చూడ్డానికి బర్మింగ్‌హామ్ వెళ్లాడు. గోడ చెమ్మ బాగుచేయడానికి మునిసిపల్ కౌన్సిల్ వాళ్లు వస్తామన్నారు. తాళంచెవి హన్మంతు చేతిలో పెట్టి, "పెట్టెలు పక్క గదిలోకి జరిపి దుప్పటి కప్పు, అంతే" అన్నాడు. ఆ 'అంతే' అన్న మాట హన్మంతు చెవికి ఎక్కితే ఈ కథే ఉండేది కాదు.

పెట్టెలు తెరిచాడు. కవర్లు చూసి ప్రాణం ఉసూరుమంది. ఒకదాని మూల చిరిగిపోయింది. ఒకదాని మీద మైనం చుక్కలు. ఇంకోదానికి టేపు మీద టేపు. పైగా ఎక్కడా పేరు లేదు! రెండ్రోజులు సెలవు పెట్టాడు. ఒక్కో పాటనూ ఫోనుకు వినిపించి పేరు పట్టాడు. ఫోనుకు చిక్కనివాటికి రంధ్రం పక్కన నల్లటి ప్లాస్టిక్ మీద గీసి ఉండే నంబర్లను భూతద్దంతో చదివి, పాత రికార్డులు సేకరించేవాళ్ల జాబితాల్లో వెతికి పట్టాడు. ప్రతిదాని నడుమా తెల్ల లేబుల్, దాని మీద నల్లటి పెద్ద అక్షరాలు. అక్షరక్రమంలో కొత్త కవర్లలో సర్దాడు. పాత కవర్లను రీసైక్లింగ్ పెట్టెలో వేశాడు. గురువారం లారీ వచ్చి తీసుకుపోయింది.

శనివారం పదకొండుంబావుకు ఎగ్బర్ట్ అంకుల్ వేళ్లు మొదటి పెట్టెలోకి దిగాయి. నునుపైన కవరు. దాని పక్కనా నునుపే. వేళ్లు చకచకా చివరిదాకా పరిగెత్తి మళ్లీ వెనక్కి వచ్చాయి.

"నా కవర్లేవి?"

హన్మంతు గర్వంగా చెప్పడం మొదలుపెట్టి, సగంలో ఆయన ముఖం చూసి ఆగిపోయాడు.

"మైనం పడ్డది రెండో పెట్టెలో తొమ్మిదోది. ఆడవాళ్లు లేచి ఆడే పాట. మూల చిరిగింది దాని తర్వాత వేసేది. నాకు కళ్లు అవే. వాటిని చెత్తలో వేశావు." ఆయన గొంతు పెంచలేదు. "ఇవాళ రెండింటికి క్లైవ్‌తో పోటీ అని నీకు తెలుసు."

క్లైవ్ నలభై ఏళ్ల నుంచి ఎగ్బర్ట్ అంకుల్‌కి పోటీదారు. వచ్చే నెల జమైకాకు శాశ్వతంగా వెళ్లిపోతున్నాడు. ఇదే ఆఖరి పోటీ. స్పీకర్లూ రికార్డులు తిప్పే పెట్టెలూ పొద్దున్నే హాలుకు వెళ్లిపోయాయి కాబట్టి ఇక్కడ వేసి విని వెతికే వీలూ లేదు. ఓడిపోతే మళ్లీ గెలిచే అవకాశం లేదు.

"పాట పేరు చెప్పండి అంకుల్, క్షణంలో తీసిస్తాను."

"పాటను నేను పేరుతో పిలవను. నువ్వు ఇంటికి పో."

పోలేదు. పోతే ఆ ముఖం జీవితాంతం వెంటాడుతుందని తెలుసు. గుమ్మంలో నిలబడి పుష్పలీలకు ఫోన్ చేశాడు. అంతా విని ఆమె, "నిన్నెవడు అంటియ్యమన్నడయ్యా? ముసలాయన కండ్లు దీసి చెత్తల ఏసినవ్ గదా" అంది. ఆ వెంటనే, "ఏడ్వకు. పాటలన్నీ నువ్వు విన్నవ్ గదా. ఆయన పాడితె నువ్వు గుర్తుపట్టలేవా?" అంది.

హన్మంతు లోపలికి వచ్చి అదే మాట అన్నాడు. ఎగ్బర్ట్ అంకుల్ పళ్ల మధ్య నుంచి రెండు వరసలు కూనిరాగం తీశాడు. హన్మంతు ఒక రికార్డు తీసి పేరు చెప్పబోయాడు.

"పేరొద్దు! పాడు."

పాడాడు. అది కాదు. రెండోది కూడా కాదు. మూడోది సరిపోయింది. ఆయన లేచి కోటు వేసుకున్నాడు. క్షమించాడో లేదో తెలియదు గానీ చేయి మాత్రం హన్మంతు భుజం మీద వేశాడు.

పెట్టెలతో హాలుకు వెళ్లే ట్యాక్సీలో హన్మంతుకు మరో సంగతి తట్టింది. లేబుళ్లు! క్లైవ్ కళ్లు బాగానే ఉన్నాయి. పీకేద్దామంటే అవి ల్యాబు లేబుళ్లు, ఫ్రీజర్‌లో పెట్టినా ఊడని రకం. ముందే నల్ల మార్కర్‌తో అన్నీ కొట్టేస్తే తనకే రికార్డు దొరకదు. ఇక ఒకటే దారి. ఆయన రాగం తీయాలి, తను పేరు చూసి వెతకాలి, దొరికాక ఆ పేరు మీద మార్కర్ రాసి, అప్పుడు ఆయన చేతికివ్వాలి. ఎదుటి పాట అయిపోయేలోపు, అంటే మూడు నిమిషాల్లో.

హాలు కిక్కిరిసి ఉంది. క్లైవ్ మొదటి పాట వేశాడు. ఎగ్బర్ట్ అంకుల్ హన్మంతు చెవిలో రాగం తీశాడు. స్పీకర్ల మోతకు సగమే వినబడింది. హన్మంతు చెవిని ఆయన నోటికి ఆనించాడు. వెతికాడు, కొట్టేశాడు, ఇచ్చాడు. ముల్లు దిగింది. ముసలాయన తల ఊపాడు. హన్మంతు ఊపిరి పీల్చుకున్నాడు.

నాలుగోదానికి తప్పు రికార్డు ఇచ్చాడు. హాలులో ఎవరో నవ్వారు. ఎగ్బర్ట్ అంకుల్ ముఖం రాయిలా అయిపోయింది. హన్మంతుకు తల కొట్టేసినట్టయింది. ఒక్కో పేరునూ తన చేతులతోనే చెరిపేస్తూ పోతుంటే రెండ్రోజుల కష్టం నల్ల సిరాలో కలిసిపోతోంది. దాని గురించి బాధపడే తీరిక కూడా దొరకలేదు.

గంటన్నర గడిచేసరికి ఇద్దరూ సమానంగా ఉన్నారు. ఆఖరి పాట. ఎగ్బర్ట్ అంకుల్ తీసిన రాగం వినగానే హన్మంతుకు తెలిసిపోయింది. ఫోనుకు చిక్కక, నంబరు పట్టుకుని ఒక పగలంతా వెతికిన రికార్డు అది. తీశాడు. మార్కర్ గీశాడు. గీత పడలేదు. సిరా అయిపోయింది.

తలెత్తేసరికి క్లైవ్ ఎదురుగా ఉన్నాడు. తన పాటను తిరగనిచ్చి, ఆనవాయితీ ప్రకారం చూడ్డానికి వచ్చాడు. హన్మంతు రికార్డును చొక్కాకు అదిమిపట్టుకున్నాడు.

"అదే కదూ?" అన్నాడు క్లైవ్. బెదిరింపు ఏమీ లేదు, మెత్తగా అడిగాడు. "దాని కోసం నేను వెతకని షాపు లేదు. వచ్చే నెల వెళ్లిపోతున్నాను తమ్ముడూ. ఒక్కసారి చూపించు. ఆ పాటను ఇంక ఎవరిమీద వేస్తాను?"

హన్మంతుకు జాలేసింది. నిజంగానే జాలేసింది. పేరు తెలిసి కూడా చెప్పకపోవడం అతని వృత్తిలో నేరం. నాలుక చివరికి వచ్చిన ఆ పేరును మింగాడు.

"దీనికి పేరు లేదు సార్," అన్నాడు.

వెనక్కి తిరిగి, గోడవైపు వంగి, ఫ్లాటు తాళంచెవితో తెల్ల కాగితాన్ని కసకసా గీకాడు. అక్షరం మిగలకుండా గీకి ఎగ్బర్ట్ అంకుల్ చేతిలో పెట్టాడు.

ముల్లు దిగింది. రెండు వరసలు కూడా పూర్తికాకముందే హాలు గోడలు దద్దరిల్లాయి. జనం అరచేతులతో బాదుతున్నారు. అలా బాదితే పాటను ఆపి మొదటి నుంచి వేయాలి. మూడుసార్లు వేయాల్సి వచ్చింది. మూడోసారికి క్లైవ్ తన టోపీ తీసి ఎగ్బర్ట్ అంకుల్ తలమీద పెట్టాడు. హన్మంతు మూలన నిలబడి సిగ్గు లేకుండా ఏడ్చాడు.

తర్వాత హాలు వెనక మెట్ల మీద ఇద్దరే కూర్చున్నారు. టోపీ ఇంకా ఆయన తలమీదే ఉంది. హన్మంతు ఫ్లాటు తాళంచెవి తీసి ఆయన పక్కన పెట్టాడు. ఇక రావద్దంటాడనే అనుకున్నాడు.

"చివరిదానికి నీకు పేరు దొరికిందా?" అన్నాడు ఎగ్బర్ట్ అంకుల్.

"దొరికింది అంకుల్. ఎవరికీ చెప్పను, ఒట్టు."

"నాకు చెప్పు."

హన్మంతుకు అర్థం కాలేదు.

ముసలాయన తల వంచుకుని మాట్లాడాడు. "ఆ రోజు అన్నింటినీ ఒకే టబ్బులో వేశాను. ఇది ఒక్కటి మాత్రం ముందుగా రాసిపెట్టుకోవాలనుకున్నాను. రాయలేదు. ఏడాదికల్లా మర్చిపోయాను. ఆ బొంగురు గొంతుతో పాడినవాడెవడో కూడా గుర్తులేదు. ఎవర్ని అడగను? అడిగితే నాకు తెలియదని తెలిసిపోతుంది. ఆ పేరు నాతోపాటే గోతిలోకి వస్తుందని నలభై ఏళ్లుగా క్లైవ్‌తో గొప్పలు చెప్పాను."

హన్మంతు అటూ ఇటూ చూశాడు. మెట్ల దగ్గర ఎవరూ లేరు. అయినా ఆయన చెవి దగ్గరికి వంగి, అరచేయి అడ్డం పెట్టి, పాట పేరూ పాడినామె పేరూ చెప్పాడు.

ఎగ్బర్ట్ అంకుల్ పెదవులు చప్పుడు లేకుండా ఆ పేర్లను ఒకసారి పలికాయి. ఆయన హన్మంతు మణికట్టును వదలకుండా గట్టిగా పట్టుకున్నాడు.

"ఆడమనిషా!" అన్నాడు. "మళ్లీ చెప్పు."

హన్మంతు మళ్లీ చెప్పాడు.